గీత లేని బరి

బయలుదేరే ముందు

దసరా సెలవుల్లో నేను బెంగళూరు వెళ్ళింది ఇనుప చొక్కా తొడుక్కుని తన్నులు తినడానికి. ఈ మాట మా ఆయనది. మదనపల్లెలో మా వీధి వీధంతా ఆయన ఇలాగే చెప్పుకొచ్చాడు. ఇనుమే మోయాలనుంటే ఇంట్లో గ్యాస్ సిలిండరు ఉంది కదా, దాన్ని మేడమీదికి ఎక్కించి దించుకో, బస్సు చార్జీలు మిగులుతాయి అని కూడా అన్నాడు. నాకు నలభై రెండేళ్ళు. హైస్కూల్లో పీఈటీని. ఈల ఊదుతూ చెట్టు నీడన నిలబడి జీతం తీసుకునే ఉద్యోగం అని మా లెక్కల సారు అభిప్రాయం.

ఇదంతా మా అమ్మాయి ఫోనులో చూసిన ఒక వీడియోతో మొదలైంది. చుట్టూ కంచె కట్టిన బరిలో ఇనుప కవచాలు, ఇనుప టోపీలు వేసుకున్న ఆడవాళ్ళు మొద్దు కత్తులతో, డాళ్ళతో ఒకరినొకరు బాదుకుంటున్నారు. ముఖాలు కనబడవు. నాటకం కాదు, గెలుపూ ఓటమీ ఉన్న ఆటే. మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కత్తులు నాకు పట్టలేదు. ఒకామె ఇంకొకామెను రెండు చేతులా వాటేసుకుని, కంచెకేసి అదిమి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి పట్టుకున్న తీరు చూసి నా భుజాలు గుంజాయి.

నేను ఒకప్పుడు కబడ్డీ ఆడేదాన్ని, జిల్లా జట్టులో ఆరేళ్ళు. ఆ ఆట మానేశాక నన్నెవరూ అంత గట్టిగా పట్టుకోలేదు. పెళ్ళయింది, బిడ్డ పుట్టింది, ప్రేమగా పట్టుకున్నవాళ్ళు ఉన్నారు. అది వేరు. నిన్ను పోనివ్వను అని ఒక మనిషి ప్రాణం పెట్టి పట్టుకోవడం వేరు. నా ఒంటికి ఇరవై ఏళ్ళుగా ఆ ఆకలి ఉందని ఆ రోజుదాకా నాకే తెలియదు.

ఇంకో కారణం ఇంట్లో చెప్పలేదు. బెంగళూరులో రెడ్డెమ్మ ఉంది.

జట్టులో రెడ్డెమ్మా నేనూ గొలుసు. కూతకు వచ్చిన మనిషిని అడ్డుకోవడానికి ఇద్దరు చేయీ చేయీ కలిపి నిలబడతారు, దాన్నే గొలుసు అంటాం. అరచెయ్యి అరచెయ్యి పట్టుకోండి అని మా సారు మొత్తుకునేవాడు. మేమిద్దరం మాత్రం చిటికెన వేళ్ళు మెలేసుకుని, ఆ పైన పిడికిలి బిగించేవాళ్ళం. అలా అయితేనే మాకు బలం వచ్చినట్టు ఉండేది. ఆఖరి ఏడు, జిల్లా ఫైనల్లో, ఆఖరి కూతకు అవతలి జట్టు నుంచి ఒక పొడుగాటి అమ్మాయి వచ్చి మా ఇద్దరి మధ్యకే దూసుకొచ్చింది. గొలుసు తెగింది. ఆమె గీత దాటింది, ఒక్క పాయింటుతో పోయాం. రెడ్డెమ్మ చిటికెన వేలు విరిగింది. చంద్రకళ చెయ్యి వదిలేసింది అని జట్టంతా అన్నారు. ఆ గుద్దుకు నాకు కళ్ళు బైర్లు కమ్మాయి, ఏం జరిగిందో గుర్తు లేదు. అందరూ అన్నారు కాబట్టి వదిలే ఉంటానని నేనూ నమ్మాను.

రెడ్డెమ్మ ఒక్క మాట అనలేదు. మరుసటి ఏడు పెళ్ళి చేసుకుని బెంగళూరు వెళ్ళిపోయింది. తర్వాత ఆమెను రెండుసార్లే చూశాను, రెండుసార్లూ జాతర జనంలో. రెండుసార్లూ ముఖం తిప్పుకున్నది నేనే. ఈసారి తిప్పుకోకుండా క్షమించమని అడగాలి. ఒక్కసారి బరిలో దిగాలి. ఈ రెండు కోరికలే సంచిలో వేసుకుని బస్సెక్కాను.

కె.ఆర్.పురం: గ్రిల్సు షెడ్డు

మదనపల్లె బస్సు చింతామణి, హొసకోటె మీదుగా వస్తుంది. దారి పొడుగునా టమాటా వాసన మనతోనే వస్తుంది. కె.ఆర్.పురంలో తీగల వంతెన దగ్గర దిగి, ఆకలికి ఆగలేక ఎదురుగా కనబడిన హోటల్లో చౌచౌబాత్ అడిగాను. ఏదో కూరన్నం అనుకున్నాను. ఒకే పళ్ళెంలో ఒకవైపు కారం ఉప్మా ముద్ద, ఇంకోవైపు తియ్యటి కేసరి ముద్ద తెచ్చి పెట్టారు. డెబ్భై రూపాయలు. రెండూ కలిపి తినాలేమోనని కలిపేశాను. పక్కన నిలబడి తింటున్న పెద్దాయన నా పళ్ళెంవైపు చూసి, నాకు కనబడేలా తన ముద్దలు విడివిడిగా తిన్నాడు.

ఆ ఆట నేర్పే మునిరాజు షెడ్డు పాత మద్రాసు రోడ్డుకు లోపలగా ఉంది. ముందు భాగంలో కిటికీ గ్రిల్సు, గేట్లు చేస్తారు. వెనక భాగంలో ఇనుప గొట్టాలతో కంచె కట్టిన బరి. ఆయనకు యాభై దాటి ఉంటాయి. తాత కాలం నుంచీ ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళు. ఎవరో వచ్చి పాతకాలపు ఇనుప టోపీ ఒకటి చేసిపెట్టమని అడిగారట. చేశాడు. చేసినది గట్టిదో కాదో తెలియాలంటే తలకు పెట్టుకుని దెబ్బ తినాల్సిందే కదా అనుకున్నాడట. అలా ఈ ఆటలో దిగిన మనిషి ఇప్పుడు వారానికి ఐదు రోజులు కొత్తవాళ్ళకు నేర్పుతాడు. ఐదు రోజులకు, కవచం అద్దెతో కలిపి, మూడున్నర వేలు. ఈ వయసులో ఎందుకు అని అడుగుతాడనుకుని దారంతా జవాబులు కూడబెట్టుకున్నాను. ఆయన అడిగిందల్లా ఒకటే, మోకాళ్ళు ఎట్లుండాయి అని.

మొదటి రెండు రోజులు ఇనుము ముట్టనివ్వలేదు. లోపల తొడుక్కునే దూది కోటు ఒకటి ఇచ్చాడు. దాన్ని ఆయన రజాయి అంటాడు. నాకు మా అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత గుర్తొచ్చింది, చేతులు పెట్టిన బొంత. నాకు ముందు తొడుక్కున్న వాళ్ళందరి చెమటా అందులో ఉంది. దాన్ని వేసుకుని పడటం, లేవటం, పడటం, లేవటం. సాయంత్రానికి నా బడిలో ఒక్కో పిల్లను ఎన్నిసార్లు గ్రౌండు చుట్టూ పరిగెత్తించానో అన్నీ జ్ఞాపకం వచ్చాయి.

నాతోపాటు నేర్చుకునే అమ్మాయి పేరు నవ్య. మహబూబ్‌నగర్ పిల్ల, బెళ్ళందూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇరవై రెండేళ్ళు. తను ఉండే పీజీ హాస్టల్లోనే నాకూ రోజుకు ఐదు వందలకు ఒక మంచం ఇప్పించింది. నాకంటే జానెడు పొడుగు. నా సగం వయసు అని చెప్పడానికి నాకు మనసొప్పదు కానీ లెక్క దగ్గర దగ్గర అంతే.

ఆటలో నియమాలు కొద్దివే. పొడవకూడదు. మెడ మీద, మోకాలి వెనక, పాదాల మీద కొట్టకూడదు. పట్టుకోవచ్చు, తొయ్యవచ్చు, పడెయ్యవచ్చు. రెండు పాదాలు తప్ప ఒంట్లో మూడోది ఏది నేలకు తాకినా ఔటే.

ఇందులో కష్టమేముంది అనుకున్నాను. కష్టమంతా నా కబడ్డీలోనే ఉందని తర్వాత తెలిసింది. మొదటి పట్టులోనే నేను చటుక్కున వంగి నవ్య చీలమండ దొరకబుచ్చుకున్నాను. జిల్లాలో ఆ పట్టుకు నాకు పేరుంది. తలెత్తి చూస్తే నవ్య హాయిగా నిలబడి ఉంది.

"మేడం, మీ మోకాలు నేలకు తాకింది. మీరు ఔట్. నేనింకా స్టాండింగే ఉన్న."

రెండో రోజు ఇంకా పెద్ద తప్పు చేశాను. కర్రతో నవ్య భుజం మీద ఒకటి వేసి, గిరుక్కున తిరిగి పరుగెత్తాను. ఎదుటి మనిషిని తాకాక వెనక్కి తిరిగి గీత దాటి మన వైపుకు వచ్చెయ్యాలి. నా కాళ్ళకు తెలిసిన ఆట అది. నాలుగడుగులు వేశాక కంచె అడ్డం వచ్చింది. అంతలో నవ్య కర్ర నా వీపు మీద చప్పుడు చేసింది.

"యాడికి పోతా ఉండావక్కా?" అన్నాడు మునిరాజు, కంచె మీద మోచేతులు ఆనించి. "ఇక్కడ గీత లేదు. ముట్టుకున్నాక ఆడనే నిలబడల్ల."

మా ఆటలో గీత దాటితే బతుకుతాం, మా జట్టులో ఔటైపోయిన వాళ్ళను కూడా బతికించుకోవచ్చు అని నవ్యకు చెప్పాను. ఔటైనవాళ్ళు మళ్ళీ ఎట్ల వస్తరు మేడం, అది చీటింగ్ కదా అని అడిగింది.

టోపీ లోపల

మూడో రోజు ఇనుము తొడిగారు. కాళ్ళకు, తొడలకు, ఛాతీకి, భుజాలకు ఒక్కో రేకూ పటకాలతో బిగిస్తుంటే, అరగంట సేపు పెళ్ళికూతురిలా కదలకుండా నిలబడ్డాను. అంతా కలిపి సిమెంటు మూటలో సగం బరువు. ఆఖరున టోపీ. మునిరాజు గడ్డం కింద పట్టీ లాగి కట్టగానే ప్రపంచం కళ్ళ ముందున్న సన్నటి సందులోకి వచ్చేసింది. ఆ సందులో నవ్య కత్తి, వెనక గోడమీద క్యాలెండరు, అంతే.

మొదలుపెట్టిన కాసేపటికే నాకు కళ్ళు తిరిగాయి. చేతులు సడలాయి, కంచె పట్టుకుని జారాను. మునిరాజు పరుగెత్తుకొచ్చి టోపీ తీశాడు.

"లోపల ఏం జపం చేస్తా ఉండావక్కా? సుమ్నే, ఊరికే ఊపిరి తీసుకో. ఇది ఊపిరి బిగబట్టే ఆట కాదు."

అప్పుడు తెలిసింది, నేను లోపల కూత పెడుతున్నానని. కబడ్డీలో ఒక్క ఊపిరితో వెళ్ళి, అదే ఊపిరితో తిరిగి రావాలి. నోటి కూత ఆగితే మనిషి ఔట్. ఎదురుగా మనిషి కనబడగానే నా నోరు దానంతట అది కబడ్డీ కబడ్డీ అని మొదలుపెట్టింది. గాలి పీల్చుకోవడం మరిచిపోయాను.

మళ్ళీ టోపీ పెట్టాక, ఊపిరి తీసుకుంటూనే, చిన్నగా కావాలని కూత పెట్టి చూశాను. ఇనుములో అది గుండ్రంగా తిరిగి నా చెవులకే వచ్చింది. నలభై మంది పిల్లల మీద అరిచే గొంతు కాదు అది. సన్నగా, తొందరగా, దేనికీ భయపడని గొంతు. ఇరవై ఏళ్ళ కిందట పోయిందనుకున్నది, లోపలే ఎక్కడో ఉంది. నాకు ఏడుపొచ్చింది. టోపీలో ఏడిస్తే తుడుచుకునే వీలు లేదు, ఎవరికీ కనబడదు కూడా. కాబట్టి కాసేపు ఏడిచాను.

ఆ సాయంత్రం విప్పేటప్పుడు ఇనుప గ్లౌజులను తిప్పి తిప్పి చూశాను. బొటనవేలికి విడిగా ఉంది కానీ తక్కిన నాలుగు వేళ్ళకూ కలిపి ఒకే డొప్ప. వేలికొక తొడుగు చెయ్యడం కష్టమా అని మునిరాజును అడిగాను. కష్టం కాదు, కావాలనే అలా చేశానన్నాడు.

"వేలు దెబ్బకు ఇరిగేది తక్కువ అక్కా. ఒకరు లాక్కుంటా ఉంటారు, పట్టుకున్నోళ్ళు ఇడవరు చూడు, అప్పుడు ఇరుగుతాది. అందుకే ఏ వేలూ ఒంటిగా దొరక్కుండా చేసినాను."

పనివాడి తెలివి అంటే ఇదీ అనుకున్నాను. అంతకుమించి నాకేమీ తట్టలేదు.

ఆయుధ పూజ, వర్తూరు

నాలుగో రోజు మహర్నవమి. పొద్దున్నే షెడ్డుకు వెళితే సుత్తులు, వెల్డింగు మిషను, కవచాలు, కత్తులు అన్నీ కడిగి, పసుపూ కుంకుమా పెట్టి వరసగా నిలబెట్టారు. నాకిచ్చిన టోపీ నుదుటి మీద పెద్ద కుంకుమ బొట్టు, మెడలో చామంతి దండ. ఆ రోజు మూర చామంతి వంద రూపాయలట, మా ఊళ్ళో ముప్పైకి ఇస్తారు. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు పూజ కదిలించేదాకా ముట్టుకోకూడదు. ఆ మర్యాద మా వైపూ ఉంది. కానీ మా ఇంట్లో పూజలో పెట్టేది కత్తిపీట, కుట్టు మిషను. వాటిని ఒకరోజు ముట్టుకోకుండా ఉండమంటే ఎవరికైనా సంతోషమే. ఆ టోపీని ముట్టుకోకుండా నిలబడటం మాత్రం నాకు చాతకాలేదు. రెండు చేతులూ వెనక కట్టుకుని చూస్తూ ఉన్నాను.

గుమ్మడికాయను మా వైపు దిష్టికి గుమ్మానికి వేలాడదీస్తాం. ఇక్కడ కుంకుమ నింపి నడిరోడ్డు మీద పగలగొడతారు. నవమి పూట నగరమంతా గుమ్మడి ముక్కలే. బస్‌స్టాపుకు నడుస్తూ ఒక ముక్క మీద కాలు వేసి జర్రున జారి పడ్డాను. మూడు రోజులు కత్తులకూ కర్రలకూ ఒళ్ళప్పగించిన దానికి నిజంగా తోలు లేచిపోయిన దెబ్బ ఆ గుమ్మడికాయదే. బొరుగులూ పప్పులూ కలిపిన ప్రసాదం పొట్లం చేతిలోంచి జారకుండా పట్టుకున్నాను, అది ఒకటి మెచ్చుకోవాలి.

రెడ్డెమ్మ వర్తూరులో ఉంటుంది. చెరువు వైపు సందులో, పెద్ద అపార్టుమెంట్ల వెనక, ఒక గదీ వంటిల్లూ. బెళ్ళందూరులో తెలుగు పిల్లలుండే ఒక పీజీలో వంట చేస్తుంది. వాళ్ళాయన మేస్త్రీ, పండక్కి ఊరికి వెళ్ళాడు. ఊళ్ళో అడిగి తెచ్చుకున్న నంబరుకు నేను దిగిన రోజే ఫోన్ చేస్తే, నవమి మధ్యాహ్నం రా అని రెండు మాటల్లో చెప్పి పెట్టేసింది.

తలుపు తీసి, "వస్తివా?" అంది. నిన్న సాయంత్రం విడిపోయిన మనిషిని అడిగినట్టు అడిగింది. ఒళ్ళు వచ్చింది, ముందు పళ్ళ పక్కన ఒక పన్ను లేదు. అడుగు తీసి అడుగు వేసే తీరు మాత్రం అదే. ఆ నడక చూడగానే నా కాళ్ళు తెలియకుండానే ఆమెకు కుడిపక్కకు వెళ్ళి నిలబడ్డాయి. గొలుసులో నా చోటు అది.

పీజీ పిల్లలకు ఎవరికీ సంగటి అక్కర్లేదట, పూటకో ఫ్రైడ్ రైసు కావాలట. తన కోసం, నా కోసం రాగి సంగటి కెలికింది, చెనక్కాయల ఊరిబిండి నూరింది. సంగటి తుంచి పెడుతుంటే ఆమె కుడిచేతి చిటికెన వేలు ముద్దకు తగలకుండా పక్కకు వంగి ఉండిపోయింది. వంకరగానే అతుక్కుంది. నేను ఆ వేలినే చూస్తూ తిన్నాను. క్షమించమనే మాట గొంతుదాకా వచ్చి, సంగటితో పాటు లోపలికి పోయింది. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు.

మౌనం ఎక్కువైతే నేను వాగుతాను, అది నా జబ్బు. మునిరాజు గురించి, టోపీలో కూత గురించి, గుమ్మడికాయ గురించి చెప్పాను. రెడ్డెమ్మ నోరు మూసుకుని నవ్వుతోంది. ఇక చెప్పడానికేమీ లేక ఆ గ్లౌజుల సంగతి ఎత్తాను. వేలు దెబ్బకు విరగదట, పట్టుకున్నవాళ్ళు వదలకపోతేనే విరుగుతుందట అని మునిరాజు మాట అప్పజెప్పాను. రెడ్డెమ్మ నవ్వు ఆగింది. కుడిచెయ్యి కొంగులో పెట్టుకుంది. ఆమె విరిగిన వేలు ముందు కూర్చుని విరిగిన వేళ్ళ కబుర్లు చెప్పిన నా తెలివికి నాకే సిగ్గేసి, తొందరగా చెయ్యి కడుక్కున్నాను.

గడప దాటాక, రేపు పది గంటలకు నా పోటీ ఉంది, వస్తావా అని అడిగాను.

"నాకు వంట ఉండాది" అంది రెడ్డెమ్మ.

విజయదశమి

పొద్దున్నే మునిరాజు పూజ కదిలించి, కత్తులు చేతికిచ్చాడు. కొత్త విద్య మొదలుపెట్టడానికి ఇంతకన్న మంచి రోజు లేదన్నాడు. అక్షరాభ్యాసానికి తెచ్చినట్టు నన్ను బరి దగ్గరికి తీసుకెళ్ళాడు. నవ్యకూ నాకూ ఒక్క రౌండు, నిమిషమున్నర. చూసేవాళ్ళు ఇరవై మంది ఉంటారేమో, సగం మంది పక్క షెడ్ల పనివాళ్ళు. బొరుగులు నములుతున్నారు.

టోపీ సందులోంచి కంచె వెంబడి వెతికాను. రెడ్డెమ్మ లేదు. రాదనే అనుకున్నాను, అయినా వెతికాను.

ఈల మోగింది. నవ్య కత్తి నా భుజం మీద పడింది, డాలు మీద పడింది, టోపీ మీద పడింది. ఇనుపబిందె లోపల కూర్చుంటే పైనుంచి ఎవరో దరువు వేస్తున్నట్టు ఉంది. ఊపిరి తీసుకో, వంగకు, వెనక్కి తిరగకు అని నాకు నేనే చెప్పుకుంటూ ఒక్కో అడుగూ ముందుకు వేశాను. కత్తి యుద్ధంలో ఆ పిల్ల ముందు నేను పనికిరాను. అందుకే కత్తీ డాలూ వదిలేసి మీదికి వెళ్ళి వాటేసుకున్నాను. ఆ పిల్ల కూడా కత్తి పారేసి నన్ను పట్టుకుంది.

ఆ కొద్ది క్షణాల కోసమే నేను బెంగళూరు వెళ్ళానని ఇప్పుడు చెప్పగలను. రెండు ఇనుప ఛాతీలు ఒకదానికొకటి నొక్కుకుపోయి కిర్రుమన్నాయి. అవతల ఒక మనిషి తన శక్తంతా పెట్టి నన్ను పోనివ్వడం లేదు. నేనూ పోనివ్వడం లేదు. అంత ఇనుము మధ్యలో ఉన్నా ఆ పట్టు నా ఎముకలకు తెలిసింది. నవ్య నడుం తిప్పి విదిలించుకోబోయింది. నా చేతులు జారడం మొదలైంది, వేళ్ళు ఒక్కొక్కటే సడలుతున్నాయి.

అప్పుడు వెనకనుంచి వినబడింది.

"ఇడ్సొద్దే చంద్రీ. ఇడ్సొద్దు."

నన్ను చంద్రీ అని పిలిచే గొంతు ఈ భూమి మీద ఒక్కటే. ఎంత బలం వచ్చిందో చెప్పలేను, ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం చెప్పగలను. పట్టు వదల్లేదు. నవ్య గుంజింది, నేను వదల్లేదు. ఇద్దరం కలిసి గుండిగలు దొర్లినట్టు దొర్లి పడ్డాం. నా మోకాలు ముందు తాకింది. నేను ఓడిపోయాను. కింద పడ్డాక కూడా నవ్య నడుం నా చేతుల్లోనే ఉంది. మేడం, అయిపోయింది, ఇగ విడవండి అని ఆ పిల్ల నవ్వుతూ నా టోపీ మీద తట్టింది.

కంచె బయట ముక్కాలి పీట మీద కూర్చోబెట్టారు. రెడ్డెమ్మ వచ్చి నా ముందు గొంతుకూర్చుంది. టోపీ మునిరాజు తీశాడు, గ్లౌజుల పటకాలు ఆమె విప్పింది. కుడిచెయ్యి ఎక్కడో గట్టిగా దెబ్బ తిన్నట్టుంది, బయటికి వచ్చేసరికి వాచి, గారెలా ఉంది. ఆమె ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుంది. ఇప్పుడైనా అడగకపోతే నా బతుకంత దండగ లేదనిపించి, ఆ రోజు నేను చెయ్యి వదిలేసినందుకు నన్ను క్షమించు అన్నాను.

రెడ్డెమ్మ తలెత్తలేదు.

"నువ్వు ఇడ్సింటే నా ఏలు ఎట్ల ఇరుగుతాదే?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె నిదానంగా చెప్పుకుంటూ పోయింది. ఆ పొడుగాటి అమ్మాయి మీదికి వస్తుంటే తనకు భయమేసిందట. తనే చెయ్యి లాక్కుందట. చిటికెన వేలు నా పిడికిట్లో ఉండిపోయిందట. నేను వదల్లేదు కాబట్టే అది విరిగిందట. జట్టంతా నన్ను తిడుతుంటే, కాదు నేనే అని చెప్పడానికి నోరు రాలేదట. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే పెళ్ళి కుదిరిపోయిందట.

"జాతరలో నన్ను చూసి మొగం తిప్పుకుంటివి. నీకు తెల్సిపోయిందనుకుంటి" అంది. "నిన్న గ్లౌజుల మాట చెప్తివే, నాకు అన్నం దిగలే."

మొదట నాకు కోపమే వచ్చింది. దాచను. పక్కనే మొద్దు కత్తి ఉంది, దానివైపు చూశాను కూడా. ఇరవై ఏళ్ళు చెయ్యి వదిలిన మనిషిగా బతికాను. బడిలో కబడ్డీ జట్టు పెట్టమని హెడ్మాస్టరు అడిగినప్పుడల్లా ఖోఖో పెట్టాను. ఆ తర్వాత కోపం పోయి, అంతకన్న పెద్దది వచ్చింది. నేను సిగ్గుతో ముఖం తిప్పుకున్నాను, తను భయంతో ముఖం దించుకుంది. ఇద్దరం ఒకే జాతరలో పది అడుగుల దూరంలో నిలబడి, చెరో దిక్కుకు వెళ్ళిపోయాం. నా బిడ్డను ఆమె ఎత్తుకోలేదు. ఊళ్ళో ఆమె కట్టుకున్న ఇంటి గృహప్రవేశానికి నేను వెళ్ళలేదు. ఒక్క మాట చాలేది.

కూర్చుని ఏడ్చే తీరిక కూడా లేదు. పీజీలో పండక్కి ఊరికి పోని పిల్లలు నలభై మంది ఒంటిగంటకు పళ్ళాలు పట్టుకుని నిలబడతారట. రెడ్డెమ్మ లేచి చీర దులుపుకుంది. వెళ్ళబోతూ ఆగి, ఆ వంకర చిటికెన వేలు నా ముందు చాపింది. నేనూ చాపాను. వాచిన వేలు వంగలేదు, ఎంత ప్రయత్నించినా వంగలేదు. తనే నా వేలిని మెలేసి, ఒకసారి చిన్నగా గుంజి, వదిలి, వెళ్ళిపోయింది.

మళ్ళీ మదనపల్లె

తిరుగు బస్సులో హొసకోటె దాటేదాకా చెయ్యి మూయడానికి ప్రయత్నిస్తూనే ఉన్నాను. వాపు తగ్గడానికి వారం పట్టింది. మా ఆయన చూసి సిలిండరు సంగతి మళ్ళీ గుర్తుచేశాడు. ఎవరు గెలిచారని అడిగితే, నేను ఓడిపోయానని చెప్పాను. అయితే మరి ముఖం అలా ఎందుకుంది అన్నాడు. ఆయనకు అన్నీ ఇంకా చెప్పలేదు. రెడ్డెమ్మకు రోజూ ఫోన్ చేద్దామనుకుంటాను. చేసినప్పుడు ఆమె కుక్కరు ఈలల మధ్య ఉంటుంది, నేను గ్రౌండులో ఉంటాను. ఏం కూర అని అడుగుతాను. ఆమె చెబుతుంది.

బడి తెరిచాక ఆడపిల్లల కబడ్డీ జట్టు పెట్టాను. సున్నం పట్టుకుని గీతలు నేనే గీశాను. గొలుసు కట్టడం నేర్పేటప్పుడు అరచెయ్యి అరచెయ్యి పట్టుకోండి, వేళ్ళు మెలెయ్యకండి అని మా సారు చెప్పినట్టే ఒకటికి పదిసార్లు చెప్పాను. నిన్న సాయంత్రం అవతలి పిల్ల కూతకు వస్తుంటే, మూలన నిలబడ్డ తొమ్మిదో తరగతి పిల్లలిద్దరు నేను చూడటం లేదనుకుని చిటికెన వేళ్ళు మెలేసుకున్నారు. ఈల నోట్లోనే ఉంది. నేను ఊదలేదు. ఆట ఆగేదాకా ఆ రెండు వేళ్ళనే చూస్తూ నిలబడ్డాను. వాళ్ళకు చెప్పాలి. రేపు చెబుతాను.